పరీక్ష జరిగిన చోటు నిశ్శబ్దంగా ఉన్నదా?

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఎలుకల డాక్టరు" అని చెప్పేస్తుంది. సరిదిద్ది సరిదిద్ది విసుగెత్తి ఊరుకున్నాను. ఒకరకంగా అది అబద్ధమూ కాదు. సూరత్‌లోని మా ల్యాబులో ఎలుకల మెదళ్లను పల్చటి పొరలుగా కోసి, ఆ పొరల మీద డోపమిన్ గ్రాహకాలు ఎక్కడెక్కడ ఎన్నున్నాయో చూడడంతోనే నా రోజు గడిచిపోతుంది. పని మీద మనుషుల దగ్గరికి వెళ్లింది ఒక్కసారే. వెళ్లి ఒక తప్పు చేసి వచ్చాను.

గ్రాహకం అంటే నాడీకణం ఒంటి మీద కాచుకుని కూర్చునే ఒక అణువు. పక్క కణం వదిలిన రసాయనం దానికి చిక్కితేనే కబురు అందినట్టు. పుస్తకాల్లో దీన్ని తాళం, తాళంచెవి అని చెబుతారు. నాకు మాత్రం సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో బస్టాపు గుర్తొస్తుంది. నాన్నది రైల్వే ఉద్యోగం కావడంతో నా చిన్నతనం సచిన్‌లో గడిచింది. పొద్దుటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు స్టాపులో నిలబడేవారు. బస్సులు వేళకు వస్తుంటే అందరూ నీడ పట్టున తీరిగ్గా ఉండేవారు. బస్సులు తగ్గిన రోజుల్లో జనం పెరిగి, రోడ్డు మీదికొచ్చి, దూరాన కనబడిన ప్రతి బండికీ చెయ్యెత్తేవారు. పార్కిన్సన్స్ జబ్బు మొదట్లో జరిగేదీ దాదాపు అదే. డోపమిన్ తయారుచేసే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, దాన్ని అందుకోవాల్సిన గ్రాహకాలు పెరుగుతాయి, ఆత్రపడతాయి, ఉన్న కాస్తతోనే నెట్టుకొస్తాయి. జబ్బు చాలాకాలం పైకి కనబడకపోవడానికి అదీ ఒక కారణం.

ఈ గ్రాహకాలు రక్తంలోని తెల్లకణాల మీద కూడా కొన్ని ఉంటాయి. బతికున్న మనిషి మెదడు కోసి చూడలేం గనక, రక్తంలో చూస్తే ఏమైనా తెలుస్తుందా అన్నది మా ప్రశ్న. రోగుల రక్తం ఆసుపత్రి నుంచి వచ్చేది. దానితో పోల్చి చూడడానికి అదే వయసున్న ఆరోగ్యవంతుల రక్తం కావాలి. ఆ పని నా నెత్తిన పడింది. మొదట అడాజన్‌లో మేముండే అపార్టుమెంటు సొసైటీలోనే అడిగాను. పొద్దున్నే చెప్పులరిగేలా నడిచే పెద్దమనుషులందరూ సూది పేరు ఎత్తగానే బీపీ రోగులైపోయారు.

అప్పుడు నాకు సూరత్ శివార్లలోని జోల్వా గుర్తొచ్చింది. అక్కడ మరమగ్గాల మీద మన తెలుగువాళ్లు, తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, చాలామంది ఉన్నారు. నలభై అయిదు దాటినవాళ్లు దొరుకుతారు. నాకు భాష వచ్చు. ఇంత తెలివైన ఆలోచన మా ల్యాబులో ఇంకెవరికీ రాలేదని ఒక వారం పాటు మురిసిపోయాను కూడా.

సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. నేను వెళ్లిన ఖాతాలో సేటు కాదనలేదు, కానీ ఒక షరతు పెట్టాడు. మనిషి మగ్గాలు వదిలి బయటికి రాకూడదు, ఏం చేసుకున్నా అక్కడే చేసుకోమన్నాడు. ఒక్కో మనిషి పది, పన్నెండు మగ్గాలు చూస్తుంటాడు. దారం తెగితే ముడెయ్యాలి. నేను సరేనన్నాను.

రక్తం తీసే ముందు ఆ మనిషి నిజంగా ఆరోగ్యవంతుడేనని చూసుకోవాలి. దానికొక ఫారం ఉంది. అందులో ముఖ్యమైనది వేళ్ల పరీక్ష. బొటనవేలినీ చూపుడువేలినీ వీలైనంత వేగంగా, వీలైనంత ఎడంగా పదిసార్లు కలిపి విడదీయాలి. వేళ్లు నెమ్మదించాయా, ఆ ఎడం తగ్గుతూ వచ్చిందా, మధ్యలో ఆగాయా అన్నది చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తాం. సున్నా అంటే బాగున్నట్టు, నాలుగంటే చెయ్యలేనట్టు. ఫారంలో అన్నిటికన్నా పైన ఒక ప్రశ్న ఉంటుంది: పరీక్ష జరిగిన చోటు నిశ్శబ్దంగా ఉన్నదా? పక్కన ఒక గడి.

షెడ్డులో మన మాట మనకే వినబడదు. అక్కడ పనిచేసేవాళ్లు సైగలతో మాట్లాడుకుంటారు. నేను మొదటిరోజు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, రెండోరోజు నుంచి సైగలు నేర్చుకున్నాను. మరి ఆ గడి సంగతి? ప్రతి ఫారంలోనూ టిక్కు పెట్టాను. ఎవరైనా అలాగే పెడతారు. ఖాళీగా వదిలేస్తే ఫారం వెనక్కొస్తుంది.

ఇంకో విషయం కూడా అప్పుడే చూశాను. అక్కడ అందరి వేళ్లూ ఒకే వేగంతో కదిలేవి. మగ్గం ఎలా కొట్టుకుంటుంటే వేళ్లు అలా. నాకు భలే ముచ్చటేసింది. ముప్పై ఏళ్లుగా ముడులు వేసిన వేళ్లు మరి, ఇంకెలా ఉంటాయి అనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకు చేసి చూపించాను కూడా. కళ్లముందు కనబడినదాన్ని చూసి ముచ్చటపడి ఊరుకునేదాన్ని శాస్త్రవేత్త అనరు. ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు తట్టలేదు.

అందరికన్నా ముందు వచ్చి చెయ్యి చాపినాయన యాభైకి దగ్గర పడినవాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎక్కువ నవ్వడు, కానీ ఎదుటివాళ్లను నవ్విస్తాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం చాయ్ కోసం గేటు దాకా వచ్చినప్పుడు, మిషన్ల చప్పుడు అక్కడికీ గట్టిగానే వినబడుతుండగా, నన్ను ఆటపట్టించాడు.

"మీ తెలుగు టీవీల వార్తలు చదివినట్టుంటది మేడం. జర మెల్లగ చెప్పున్రి. గీ వేళ్లు ఆడిస్తే మీకేం తెలుస్తది?"

"మెదడు ఎలా పనిచేస్తోందో తెలుస్తుందన్నా."

"మరి నాది ఎట్లున్నది?"

"ఏమీ లేదు. బ్రహ్మాండంగా ఉంది."

"కాగితంల గట్లనే రాసిన్రా?"

రాశానన్నాను. చూపించమన్నాడు. సున్నా చూసి, సున్నా వచ్చిందేమిటని అడిగాడు. ఈ పరీక్షలో సున్నాయే ఫస్టు క్లాసని చెప్పాను. ఆ కాగితాన్ని ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే తీసుకోనిచ్చాను. ఎందుకని అడగాలని నాకు తోచలేదు.

నాలుగు నెలల తర్వాత ల్యాబులో ఆరోగ్యవంతుల నమూనాలన్నీ వరసపెట్టి చూస్తుంటే ఒక్కటి మాత్రం కలవలేదు. అది రోగుల గుంపులో ఉండాల్సిన నమూనాలా ఉంది. దాచిపెట్టిన రక్తంతో మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నంబరు పట్టుకుని ఫారం తీస్తే అది ఆ అన్న ఫారమే. వేళ్ల పరీక్షలో సున్నా.

ఒక్క రక్తపరీక్షతో జబ్బు ఉందనీ లేదనీ చెప్పలేం. మా పని ఇంకా ఆ దాకా రాలేదు, వస్తుందో లేదో కూడా తెలియదు. అందుకని నాకు మొదట అనుమానం వచ్చింది ఆయన మీద కాదు, నా ఐస్ డబ్బా మీద. జోల్వా నుంచి ఎండలో తెచ్చాను, దారిలో కడోదరా దగ్గర లారీల మధ్య గంటసేపు ఇరుక్కున్నాను. లేదా గొట్టాలు తారుమారు చేసి ఉంటాను. మా ప్రాజెక్టు పెద్ద దాన్ని తీసి పక్కన పెట్టెయ్యమన్నాడు. వేళ్లు బాగున్నాయి గనక తప్పు రక్తానిదే అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. అయినా మనసొప్పక, ఇంకోసారి రక్తం తీసుకువద్దామని ఫోన్ చేశాను.

"ఖాతకే రాన్రి మేడం, ఎప్పుడైనా రాన్రి," అన్నాడు ఆయన.

నేను వెళ్లిన రోజు ఏదో కరెంటు పని ఉండి వారపు సెలవును ముందుకు జరిపారు. వాళ్లు సెలవును గుజరాతీలో లాగే రజా అంటారు. ఆ సంగతి నాకు తెలియదు. షెడ్డు ముందు దిగేసరికి ఎక్కడా చడీచప్పుడూ లేదు. నాకైతే చెవులు పోయాయేమో అనిపించింది. గేటు దగ్గర కూర్చున్నతను వెనక వీధిలో రూములు చూపించాడు. పొడవాటి వరండా, వరసగా గదులు. మూడో గది తలుపు తీసి ఉంది.

లోపల ఆ అన్న ఇనుప మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆయన భార్య నిలబడి ఉంది. ఆమె ఒక చేతిలో బోర్లించిన స్టీలు పళ్లెం, రెండో చేతిలో గరిటె. టక్, టక్, టక్ మని కొడుతోంది. ఆ చప్పుడుకు ఆయన ముందుకు వంగి లేచాడు. చప్పుడుకొక అడుగు చొప్పున గుమ్మం వైపు చక్కగా నడిచి వస్తున్నాడు. ఇంతలో ఆమె నన్ను చూసి సిగ్గుపడి గరిటె దించేసింది. ఆయన అక్కడికక్కడే ఆగిపోయాడు. నన్ను పలకరించాలని నోరు తెరిచాడు, ముందుకు రావాలని ఒళ్లంతా ప్రయత్నించింది, కానీ పాదాలు మాత్రం నేలకు అతికించినట్టు ఉండిపోయాయి.

అలా ఆగిపోయే రోగుల వీడియోలు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. వణుకు లేకుండా, బిగుసుకుపోవడంతోనే మొదలయ్యే రకం. లోపలి నుంచి కదలమని వచ్చే కబురు చాలనప్పుడు, బయటి నుంచి ఒక చప్పుడు లయగా వినబడితే ఆ చప్పుడు ఊతంతో కాళ్లూ చేతులూ కదులుతాయి. ఇది మా చదువులో మొదటి పాఠాల్లోది. నేను ఆయన్ని వందల మగ్గాల చప్పుడు మధ్య నిలబెట్టి వేళ్లాడించమన్నాను. పైగా నిశ్శబ్దంగా ఉందని టిక్కు పెట్టాను.

"మిషిన్లు బంద్ ఉన్న రోజు గిట్లనే చేస్తడు మేడం," అంది ఆమె, నాకు కుర్చీ జరుపుతూ. "ఒళ్లు బరువంటడు. బుగ్గలు కూడ కదలయి. తాళం కొడితేనే లేస్తడు. పక్క రూమోళ్లు నవ్వుతున్రు, పెండ్లాం కొట్టే తాళానికి ఆడుతున్నడని."

"ఎన్నాళ్ల నుంచి వదినా?"

"రెండు వానకాలాలాయె."

"డాక్టరుకు చూపించలేదా?"

ఆమె మొగుడి వైపు చూసింది. "పోదామనే అన్న. మీరు రాకముందు దవాఖానల చీటీ రాయించుకునుడు కూడ అయింది. మీరొచ్చి చూసినంక ఏం లేదన్నడు. ఫోనుల మీ కాగితం చూపెట్టిండు. పెద్ద మేడం రాసింది, నాకు ఫస్టు నంబరొచ్చిందన్నడు."

నాలుగు నెలలు. నా టిక్కు వల్ల ఈ మనిషి నాలుగు నెలలు డాక్టరు గుమ్మం తొక్కలేదు.

ఆయన మెల్లగా గోడ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన మొహంలో ఏ భావమూ పలకలేదు. ఇన్నాళ్లూ నవ్వకుండా నవ్వించడం ఆయన గొప్పతనమనుకున్నాను. అదీ జబ్బేనని అప్పుడు అర్థమైంది.

"మిషిన్ కాడ నేను మంచిగనే ఉంట మేడం. మీరు సూసిన్రు కదా," అన్నాడు.

"నీకు ముందే తెలుసా అన్నా?"

"ఏదో ఉన్నదని తెలుసు. మిషిన్ కాడికి పోతే పోతదని కూడ తెలుసు. గందుకే ఫోనుల కూడ ఖాతకే రమ్మన్న." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా పక్క ఖాతల ఒకాయనకు చెయ్యి వణికిందని సేటుకు ఎరుకైన రోజే రావద్దన్నడు. నాకు మగ్గం తప్ప ఇంకో పని రాదు మేడం. మీరు సేటుకు చెప్తరా?"

చెప్పనన్నాను. రక్తం ఇచ్చేటప్పుడు ఆయన సంతకం పెట్టిన కాగితంలోనే ఆ మాట ఉంది, ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు. కానీ డాక్టరుకు చూపించి తీరాలని, మందులున్నాయని, జబ్బును ఆపలేవు గానీ కదలనిస్తాయని చెప్పాను. సచిన్ బస్టాపు కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే బస్సులు ఇంక రావా?"

"తగ్గుతూనే ఉంటాయి. గోలీలు వేసుకుంటే మనమే కొన్ని బస్సులు పంపినట్టు."

"మనం పంపిన బస్సు టైముకొస్తదా?"

"కొన్నాళ్లు వస్తుంది." అబద్ధం చెప్పలేకపోయాను.

తర్వాత కొత్త ఫారం తీశాను. ఆ గదిలో నిజంగానే చప్పుడు లేదు. ఫ్యాను కూడా ఆపించాను. కుడిచెయ్యి చాపమన్నాను. మొదటి మూడుసార్లు వేళ్లు బాగానే విచ్చుకున్నాయి. నాలుగోసారి ఆ ఎడం సగమైంది. ఆరోసారికి రెండు వేళ్లూ అంటుకుని అలాగే ఉండిపోయాయి. ఆయన తన చేతిని ఎవరిదో చెయ్యిలా చూస్తున్నాడు. పక్కన కదలిక కనబడి తలెత్తితే, ఆమె పళ్లెం మీదికి గరిటె ఎత్తింది.

"వద్దు వదినా."

"ఒక్కసారి కొడితే అందుకుంటడు మేడం."

"తెలుసు. అందుకే వద్దు."

ఆమె నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. రెండేళ్లుగా ఆమె ఆయన్ని ఆ గరిటెతో లేపుతోంది, నడిపిస్తోంది. నేను కాగితం పట్టుకుని వచ్చి, కొట్టొద్దంటున్నాను. ఆమె కిందనే కూర్చుని, గరిటెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన తొమ్మిదోసారి దాకా ఎలాగో లాక్కొచ్చి, ఇంక కాదన్నట్టు చెయ్యి దించేశాడు. మూడు అని రాశాను. ఎడమచేతికి రెండు.

"అయిపోయింది. ఇప్పుడు కొట్టు వదినా," అన్నాను.

ఆమె కొట్టింది. ఆయన లేచి, నన్ను దాటుకుని, నాకు చాయ్ తేవడానికి వీధి చివరి కొట్టు దాకా వెళ్లాడు. ఆమె వరండాలో నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉంది.

ఆ వారమే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి నరాల డాక్టరు ఆయన లోపలికి నడిచి వచ్చిన తీరు చూసే సగం తేల్చేశాడు. గోలీలు మొదలయ్యాయి. మగ్గాల మధ్య జాగ్రత్తగా ఉండాలని చెబితే, ఆయన మోకాళ్ల నొప్పులని సేటుకు చెప్పి పన్నెండు మగ్గాలను ఎనిమిదికి తగ్గించుకున్నాడు. నేను ల్యాబుకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. షెడ్డులో చేసిన వేళ్ల పరీక్షలన్నీ కొట్టేసి, ప్రతి ఫారంలో పైగడిలో టిక్కు తీసేసి, "మగ్గాలు నడుస్తున్నాయి" అని రాశాను. మా పెద్ద అందరినీ మళ్లీ పరీక్షించమన్నాడు. రజా రోజుల్లో ఆ వరండాలోనే కూర్చుని అందరినీ మళ్లీ పరీక్షించాను. మిగిలినవాళ్ల వేళ్లు చప్పుడు లేకుండానే బాగా కదిలాయి, ఎవరి వేగం వాళ్లది.

చివరగా మూడో గదికి వెళ్లాను. ఆయన్ని ఆరోగ్యవంతుల జాబితా నుంచి తీసేశాం, మళ్లీ పరీక్షించాల్సిన పని నాకు లేదు. ఆయనే అడిగాడు. గోలీ వేసుకుని గంటైందన్నాడు, వేళ్లు చూసి మార్కు రాసుకోమన్నాడు.

నేను ఏమీ చెప్పకముందే ఆమె పళ్లెం, గరిటె తీసుకెళ్లి బయట వరండాలో పెట్టి వచ్చింది. ఫ్యాను ఆపేసింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది.

ఆయన చెయ్యి చాపాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి కూడా వేళ్లు నిండుగా విచ్చుకున్నాయి. అయిదు. ఆరోసారి దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. వేళ్లు ఆగలేదు. అప్పుడు వినబడింది. ఆమె తల వంచుకుని, పెదవులు కదిలీ కదలకుండా, సన్నగా లెక్కపెడుతోంది. "ఏడు... ఎనిమిది..." ఆయన వేళ్లు ఆ అంకెల మీదే పడుతున్నాయి. అదీ చప్పుడే. ఆపాల్సిన బాధ్యత నాది. గోలీ పనిచేసిందా, ఆమె గొంతు పనిచేసిందా తేల్చుకోవాలంటే నోరు తెరిచి ఒక్కమాట అంటే చాలు.

"పది," అంది ఆమె పైకే. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు.

సున్నా అని రాసి చూపించాను. ఈసారి ఆయన దాన్ని ఫోటో తీసుకోలేదు. ఆ ఫారం మా లెక్కల్లోకి రాదు, నా సొరుగులోనే ఉంది. పైన ఉన్న ప్రశ్నకు ఎదురుగా టిక్కు పెట్టలేదు. పరీక్ష జరిగిన చోటు నిశ్శబ్దంగా ఉన్నదా? లేదు, భార్య పక్కన కూర్చుని లెక్కపెట్టింది, నేను ఆపలేదు అని రాశాను.